ఆగలేకపోయిన మూడు నెలలు

మామయ్య మళ్ళీ స్టేజీ ఎక్కలేదు. ఆ మాట మొదటే చెప్పేస్తున్నాను. కింది దవడలో దింపిన నాలుగు ఇంప్లాంట్లలో మూడు నిలవలేదు, నాలుగోది నిలిచినా దేనికీ అక్కరకు రాలేదు. లోహంలో లోపం లేదు. దింపిన చేతుల్లోనూ లేదు. ఏళ్ళ తరబడి ఆయన నెత్తురులో నెమ్మదిగా పేరుకుంటూ వచ్చిన చక్కెర, ఆయన ప్రాణంగా చూసుకున్న చుట్ట, రెండూ కలిసి ఆ దవడను లోపలి నుంచి గుల్ల చేశాయి. ఆ సంగతి తెలిసే వేళకు, తెలిసి చేయగలిగిందేమీ మిగల్లేదు.

తెనాలి చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలిచేవారు కాదు. హరిశ్చంద్రుడనే అనేవారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి నాటకంలో కాటి సీను ఆయనది. అర్ధరాత్రి దాటాక, పిల్లలంతా చాపల మీద ఒకరి మీద ఒకరు పడి నిద్రపోయాక, భుజాన కర్రతో, నల్ల గొంగళితో ఆయన వచ్చి నిలబడితే పందిరి కింద మాటలు ఆగిపోయేవి. జాషువా గారి శ్మశాన పద్యాలను ఆ సీనులో కలిపి పాడటం మన నాటకాలవాళ్ళకు ఎప్పటి నుంచో అలవాటు. మామయ్య ఆ పద్యాలు ఎత్తుకుంటే ముసలివాళ్ళు ఉత్తరీయంతో కళ్ళొత్తుకునేవారు. ‘వన్స్ మోర్’ అని వెనక నుంచి కేకలు లేచేవి. ఆయన మళ్ళీ మొదటి నుంచి అందుకునేవాడు. రెండోసారి రాగం ఇంకో దారిన పోయేది, మొదటిసారి ఏడవని వాళ్ళు అప్పుడు ఏడ్చేవారు.

ఆ పద్యం అంత తేటగా మా చెవిన పడటానికి గొంతు ఎంత కారణమో పళ్ళూ అంతే కారణమని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. త, ద, న, స. నాలుక కొసకు ముందుపళ్ళ ఆసరా లేకపోతే ఇవేవీ నిలబడవు. పెద్ద పెద్ద సమాసాల నిండా ఇవే అక్షరాలు. మామయ్యకు గట్టి పలువరస. చెరుకు గడను పళ్ళతోనే చీల్చి ముక్కలు మా చేతుల్లో పెట్టేవాడు. నవ్వితే పక్కపళ్ళ దాకా కనిపించేవి.

నలభై అయిదు దాటాక చిగుళ్ళ నుంచి నెత్తురు రావడం మొదలైంది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టి తాగాడు, మజ్జిగ తాగాడు. కింది వరసలో ఒక పన్ను కదిలితే చేత్తోనే లాగి గోడవతల పారేశాడు. షుగరుందని తెలిసింది ఆ తరవాత రెండేళ్ళకు, అదీ కళ్ళజోడు కోసం వెళ్ళినప్పుడు. మొదటి మలుపు ఇక్కడే చేజారింది. చిగుళ్ళ జబ్బూ షుగరూ ఒకదాన్నొకటి పెంచుకునే జబ్బులు. షుగరు ఎక్కువుంటే చిగుళ్ళలో చీము తగ్గదు, చిగుళ్ళలో చీముంటే షుగరు సరిగా దిగదు. ఆ చిగుళ్ళు చూసిన వాళ్ళెవరైనా ఒక్క రక్తపరీక్ష రాసి ఉంటే, లేదా షుగరుకు మాత్రలు రాసిన డాక్టరు ఒక్కసారి ‘ఏదీ, నోరు తెరవండి’ అని ఉంటే, సొంత పళ్ళే చాలావరకు మిగిలేవి. ఒంటిని ఒక డాక్టరు, నోటిని ఇంకో డాక్టరు చూసే చోట, ఆ ఇద్దరి మధ్య ఖాళీలోంచి మనిషి జారిపోతాడు. మామయ్య అలా జారిపోయాడు. ఆయనకూ పట్టలేదు. రాత్రంతా నాటకం, తెల్లవారుజామున మూడింటికి భోజనం, ఆ పైన కాంట్రాక్టరు పెట్టే మిఠాయి, మధ్యాహ్నం దాకా నిద్ర. మాత్రలకు ఒక వేళంటూ ఎక్కడుంది?

యాభై ఎనిమిదో ఏట, మిగిలిన నాలుగైదు పళ్ళూ తీయించేసి, కిందా పైనా సెట్టు కట్టించుకున్నాడు. కొన్నాళ్ళు బాగానే ఉంది. కానీ పన్ను ఉన్నన్నాళ్ళే దాన్ని పట్టుకున్న ఎముకకు పని. పన్ను పోయాక ఆ ఎముక ఏడాదికేడాది అరిగి కుంగిపోతుంది, కింది దవడలో మరీను. కుంగిన దవడ మీద సెట్టుకు పట్టుండదు. అన్నం తినేవాడికి అది ఇబ్బంది. పద్యం పాడేవాడికి అది ఉరి.

రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో శివరాత్రి నాటకం. కాటి సీనులో పై స్థాయిలో సాగుతున్న రాగం మధ్యలో కింది సెట్టు లేచి నాలుక మీదికి వచ్చింది. ఆయన చటుక్కున ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఎదురుగా చంద్రమతి ఒళ్ళో లోహితుడు. బిడ్డ శవాన్ని చూడలేక తిప్పుకున్నట్టే ఉంది. గొంగళి అంచు నోటికి అడ్డం పెట్టుకుని బొటనవేలితో సెట్టును కిందికి నొక్కుకున్నాడు. హార్మోనియం వాయించే ఆయన సంగతి పసిగట్టి అదే రాగాన్ని ఇంకో రెండు చుట్లు తిప్పాడు. జనం నటన అనుకున్నారు. చప్పట్లు మారుమోగాయి. సీను అయ్యాక, రంగు కూడా కడుక్కోకుండా, ఆయన మేకప్ పెట్టె ముందు కూర్చుని ఆ సెట్టును అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయాడు. పక్క తెర దగ్గర నిలబడి చూసిన నాకు ఆయన్ని పలకరించే ధైర్యం లేకపోయింది. ఆ ఏడు ఒప్పుకున్న నాటకాలన్నిటికీ అడ్వాన్సులు తిరిగిచ్చేశాడు.

ఇంప్లాంట్ల సంగతి డాలస్ నుంచి బావ ఫోన్‌లో చెప్పాడు. డబ్బు తను పంపుతానన్నాడు. మామయ్య మొదట నవ్వేశాడు, ఎముకలో మేకులు కొట్టించుకోవడమేమిట్రా అని. తరవాత దాని చరిత్ర తెలిశాక మాత్రం చిన్నపిల్లాడిలా సంబరపడిపోయాడు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త, ఎముకలో నెత్తురు పారే తీరు చూద్దామని కుందేలు కాలి ఎముకలో ఒక చిన్న టైటానియం పరికరం అమర్చాడట. పని అయ్యాక తీయబోతే రాలేదు. ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోథెన్‌బర్గ్‌లో, పుట్టుకతోనే దవడ సరిగా ఏర్పడని గోస్టా లార్సన్ అనే మనిషికి కింది దవడలో నాలుగు మరలు దింపారు. అప్పటిదాకా నమలడానికీ మాట్లాడటానికీ అవస్థపడిన ఆ మనిషి 2006లో చనిపోయేదాకా వాటితోనే తిన్నాడు, వాటితోనే మాట్లాడాడు. నలభై ఏళ్ళ పైమాట. ఈ కథ మామయ్య నాతో మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేవాడు. ‘నాకు నలభై వద్దులే అల్లుడూ, పదేళ్ళు చాలు’ అనేవాడు.

విజయవాడలో చూపించాం. ఆ హాల్లో మాతోపాటు కూర్చున్న వాళ్ళు తలపుకొస్తే నాకు ఇప్పటికీ గుండె కలుక్కుమంటుంది. ఒకావిడ ఎముకలు గుల్లబారకుండా వారానికో మాత్ర వేసుకుంటోందట. ఆ ముక్క చెప్పగానే డాక్టరు ఆమె దవడ జోలికి పోకుండా, ముందు ఆ మాత్ర రాసిన డాక్టరుకు ఉత్తరం రాసిచ్చాడు. ఆ జాతి మందులు, క్యాన్సరు రోగులకు ఇచ్చే ఇంజెక్షన్లయితే మరీను, ఎముక తనను తాను కొత్తగా కట్టుకునే పనిని అణిచేస్తాయి. అలాంటి దవడకు గాయమైతే ఒక్కోసారి మానదు, ఎముక చచ్చి చిగుళ్ళలోంచి బయటపడుతుంది. 2003 నుంచి దంతవైద్యులకు ఆ భయం తెలుసు. ఇంకొకాయన గుండెకు స్టెంటు వేయించుకున్నవాడు. నెత్తురు పలచబరిచే మాత్రలు ఆపాలో వద్దో గుండె డాక్టరు చేత చీటీ రాయించి తెచ్చుకున్నాడు. నాలుక క్యాన్సరుకు రేడియేషను తీసుకున్న మరొకతన్ని, దవడకు ఎంత మోతాదు తగిలిందో కాగితాలు తెస్తేగాని చెప్పలేమని పంపేశారు. వాళ్ళంతా ఉన్నది ఉన్నట్టు చెప్పారు. వాళ్ళ బరువుల ముందు మామయ్యది తేలిక. షుగరున్న వాళ్ళకు ఇంప్లాంట్లు పనికిరావని ఎవరూ అనరు. అది అదుపులో ఉంటే దాదాపు అందరికీ నిలిచినట్టే నిలుస్తాయి. వయసూ అడ్డం కాదు. నా దుఃఖమంతా అక్కడే ఉంది. ఆయనకు అందనిది పోలేదు, అందేదే పోయింది.

ఫారం లోపల గదిలో ఇచ్చారు. నేను దాన్ని తరవాత చూశాను. షుగరు ఉందా అన్న చోట ‘ఉంది’ అని రాశాడు. అదుపులో ఉందా అన్న చోటా ‘ఉంది’ అనే. పొగ తాగుతారా అన్న గడిలో మొదట ఒక సిరా చుక్క ఊరి ఉంది, కలం అక్కడ ఆగినట్టు తెలుస్తూనే ఉంది. ఆ చుక్క పక్కన ‘మానేశాను’ అని ఆయన దస్తూరీ. అబద్ధమాడనని ఆలుబిడ్డల్ని అమ్ముకున్న రాజు వేషం వేసి, ఎన్ని వందల రాత్రులు ఎంతమందిని ఏడిపించాడో. ఆ ఒక్క మాట రాయడానికి ఆయన ఎంత నలిగి ఉంటాడో ఊహించగలను. పాడాలన్న ఆశే రాయించింది. అందుకే నాకు ఆయన మీద కోపం రాదు.

పరగడుపు షుగరు 126 వచ్చింది. రాదు మరి? పరీక్షకు నాలుగు రోజుల ముందు నుంచి పథ్యం పట్టేవాడు. జొన్నరొట్టె, మెంతికూర, వేళకు మాత్రలు. సూది గుచ్చి నెత్తురు తీసిన సాయంత్రమే పథ్యం సరి. ఆ నాలుగు రోజుల పథ్యం ఏమార్చలేని పరీక్ష ఒకటుంది, హెచ్‌బీఏ1సీ. నెత్తురులో ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది. బతికినన్నాళ్ళూ చుట్టూ ఉన్న చక్కెర దాన్ని అంటుకుంటూ పోతుంది. అందుకే ఆ అంకె గడిచిన మూడు నెలల నిజం చెబుతుంది. డాక్టరు ఆ పరీక్ష రాశాడు. షుగరు డాక్టరు దగ్గర చీటీ కూడా తెమ్మన్నాడు. ఆ రెండూ వచ్చి ఉంటే ఈ కథే లేదు.

కానీ బావ సెలవు పదిహేను రోజులే. వచ్చేవారం తెచ్చిస్తాం, ముందు ఈ పని కానివ్వండని బతిమాలాడు. సంక్రాంతికి ఊళ్ళో పరిషత్తు పోటీలు, కాటి సీను తనదేనని మామయ్య అప్పుడే మాటిచ్చేశాడు. డాక్టరు చిన్నవాడు, మంచివాడు. కుర్చీలో వెనక్కి వాలి ఉన్న మామయ్య, పళ్ళు లేని నోటితోనే, ఆయనకు ఒక పద్యం పాడి వినిపించాడు. అక్షరాలు సగం సగమే పలికాయి, రాగం మాత్రం ఎక్కడా చెదరలేదు. నర్సులు పని ఆపి గుమ్మంలో నిలబడ్డారు. డాక్టరు కళ్ళు చెమర్చాయి. ‘సరే, చేద్దాం మాస్టారూ’ అన్నాడు. ఆ గదిలో అందరూ ఆయన్ని ప్రేమించినవాళ్ళే. ప్రేమించినవాళ్ళే తొందరపడ్డారు.

మూడు నెలలు ఆగి ఉంటే పోయేదేమిటి? సంక్రాంతి పోయేది. ఉగాది ఉంది, శ్రీరామనవమి పందిళ్ళు ఉన్నాయి. ఇన్సులిను మొదలుపెట్టి, చుట్ట నిజంగా మానిపించి, ఆ అంకె ఏడుకు దగ్గరగా దించి, అప్పుడు కూర్చోబెట్టి ఉంటే చాలు. ఇది తలచుకోని రోజు మా ఇంట్లో లేదు.

మరలు బాగా బిగిశాయి. బిగువు కొలిచే రెంచి మీద అంకె చూసి డాక్టరు తృప్తిగా తలాడించాడట. ఆ మొదటి రోజు బిగువు ఎవరినైనా నమ్మిస్తుంది. అది పాత ఎముక పట్టు. తరవాతి వారాల్లో, మర చుట్టూ నలిగిన పాత ఎముకను ఒంట్లోని కణాలే కొంచెం కొంచెంగా కరిగించి తీసేస్తాయి. వేరే కణాలు వచ్చి ఆ చోట కొత్త ఎముక కడతాయి. పాతది పోయి, కొత్తది ఇంకా గట్టిపడని ఆ మూడో నాలుగో వారంలో ఆరోగ్యవంతుడి దవడలోనైనా పట్టు కాస్త సడలుతుంది. ఆ గండం దాటించాల్సింది డాక్టరు కాదు, ఒళ్ళు. నెత్తురు నిండా చక్కెర ఉంటే సన్నని నాళాల గోడలు మందమవుతాయి, ఎముక కట్టే కణాలు మందగిస్తాయి, క్రిములతో పోరాడాల్సిన తెల్లకణాలు సరిగా పోరాడలేవు. దానికి తోడు నికోటిన్ ఆ సన్ననాళాలను బిగదీస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తురులో ప్రాణవాయువు చోటు ఆక్రమిస్తుంది. చితచిత నానిన నేలలో పాతిన పందిరి గుంజ కూడా మొదటి రోజు నిటారుగానే నిలబడుతుంది.

కుట్లు విప్పారు. చిగురు చక్కగా మూసుకుంది. పైకి ఏ లోపమూ లేదు. బావ విమానమెక్కాడు. దసరా వచ్చింది, బూరెలు వండారు, దీపావళి వచ్చింది. ఇల్లంతా మళ్ళీ పద్యాలు. తెల్లవారగట్ల మేడ మీద నుంచి ఆ రాగం వినిపిస్తే ఎదురింటివాళ్ళు రేడియో కట్టేసేవారు. ఎన్నేళ్ళకు! ఆ మేడ మీదే, నీళ్ళ ట్యాంకు వెనక, అత్తయ్యకు చుట్ట పీకలు దొరికాయి. ఆమె వాటిని కొంగులో పోగుచేసుకుని కిందికి వచ్చి పొయ్యిలో పడేసింది. ఎవరితోనూ అనలేదు. అంటే గొడవవుతుంది, గొడవైతే ఆయన అలిగి పాడటం ఆపేస్తాడు. ఇన్నాళ్ళకు తిరిగొచ్చిన ఆ గొంతును ఆపే చేతులు ఆమెకు లేవు. పరీక్ష రాసిన చీటీ పంచాంగంలో కార్తీకమాసం పేజీల మధ్య మడత పెట్టినట్టే ఉండిపోయింది. అప్పటికీ మించిపోలేదు. ఆ చీటీ పట్టుకుని ఎవరైనా వీధి చివర ల్యాబుదాకా నడిచి ఉంటే, ఆ వారమే ఇన్సులిను పడి ఉంటే, కనీసం రెండైనా నిలిచేవేమో. రెండు నిలిచినా కింది సెట్టును గుండీలు పెట్టినట్టు బిగించి ఇవ్వొచ్చట. ఆయన పాటకు అది చాలు.

డిసెంబరు ఆఖరివారంలో చిగురు తెరిచారు. మొదటి మర మీది మూత విప్పబోతే, మూతతోపాటు మరా తిరిగింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడం చూసే డాక్టరు ముఖం పాలిపోయింది. ఎక్స్‌రేలో ఆ మర చుట్టూ సన్నని నల్లగీత ఉంది. ఎముక ఉండాల్సిన చోట మెత్తటి కండ. రెండోదీ అంతే. రెండూ వేళ్ళకే వచ్చేశాయి. స్టీలు పళ్ళెంలో పడ్డ చప్పుడు విని మామయ్య ‘ఏమైంది బాబూ?’ అన్నాడు. మూడోది జనవరి మొదట్లో చీము పట్టి పోయింది, పోతూ పోతూ ఉన్న కాస్త ఎముకనూ తీసుకుపోయింది. అప్పుడు చేయించారు ఆ పరీక్ష. 10.6 వచ్చింది. డాక్టరు ఎవరినీ నిష్ఠురమాడలేదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగాడు.

‘అయితే సంక్రాంతికి కుదరదంటారా?’

‘కుదరదండీ.’

‘శ్రీరామనవమికి?’

ఆయన జవాబు చెప్పలేకపోయాడు. ఆ ఎముక మళ్ళీ మరను మోసేది కాదు.

సంక్రాంతికి కాటి సీను ఇంకొకరు వేశారు. మామయ్య వెళ్ళాడు. ముందు వరసలో కూర్చుని ఆఖరిదాకా చూశాడు, ఆ కుర్రాడి భుజం తట్టి వచ్చాడు. ఆ తరవాత ఇంట్లో పద్యం వినపడలేదు. స్నానానికి వెళ్ళినప్పుడు కూనిరాగం తీస్తాడేమోనని అత్తయ్య తలుపు దగ్గర నిలబడేదట. రెండేళ్ళకు కాలి వేలి మీద చిన్న పుండు లేచింది. అదీ మానలేదు. దవడలో ఏ కారణంగా ఎముక కట్టలేదో, పాదంలోనూ ఆ కారణంగానే చర్మం అతకలేదు. వేలు తీశారు, పాదం తీశారు. మాఘమాసంలో పోయాడు.

అస్థులు ఏరడానికి నేనూ బావా వెళ్ళాం. చితి వేడికి టైటానియం కరగదు. బూడిదలో నాలుగో మర దొరికింది. ఒక్కటే, ఒంటరిగా, పట్టు వదలకుండా ఆఖరిదాకా ఉన్నది. బావ దాన్ని జేబురుమాలుతో తుడిచి, తుడిచి, ఇక చూడలేక నా చేతిలో పెట్టేశాడు.

పదకొండో రోజున డాక్టరు వచ్చాడు. వాకిట్లోనే చెప్పులు విప్పి ఫొటోకు దండం పెట్టి, అత్తయ్య ఎదురుగా కింద కూర్చున్నాడు. మూడు నెలల షుగరు అంకె చూడకుండా ఇప్పుడెవరికీ చెయ్యట్లేదమ్మా అన్నాడు. ఎంత పెద్దవాళ్ళు బతిమాలినా ఆగమంటున్నాను, ఫారం రాసేటప్పుడు ఇంట్లోవాళ్ళను కూడా లోపలికి పిలుస్తున్నాను అన్నాడు. అత్తయ్య చాలాసేపు ఏమీ అనలేదు. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, ఆయన వైపు చూసి అంది:

‘ఆయన నిజం చెప్పకపోవును బాబూ. పాడాలన్న యావ అటువంటిది. ఆ రోజు నన్ను పిలవాల్సింది. చుట్ట మానలేదని నేను చెప్పేదాన్ని. నెల్లాళ్ళు నాతో మాట్లాడకపోయినా సరే, చెప్పేదాన్ని.’